పువ్వు ఏది, పుచ్ఛం ఏది: హెంప్ వంగడాలపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో నార పంటల గురించి రాసినప్పుడు హెంప్ పూత నిర్మాణాన్ని రెండు వాక్యాల్లో ముగించాను. ఆ రెండు వాక్యాలు చాలలేదని మీ ఉత్తరాలు చూశాక అర్థమైంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. ముందుగా ఒక మాట. హెంప్ అన్నా గంజాయి అన్నా వృక్షశాస్త్రానికి మొక్క ఒక్కటే, దాని పేరు కన్నాబిస్ సటైవా. నార కోసమో గింజ కోసమో, మత్తు పదార్థం అతి తక్కువగా ఉండేలా తీర్చిదిద్దిన వంగడాలను హెంప్ అంటున్నాం.

ప్రశ్న: నేను బాపట్లలో వ్యవసాయ శాస్త్రం చదువుతున్నాను. కొన్ని పుస్తకాలు ఈ మొక్క ఆడ పువ్వును కప్పి ఉండే ఆకుపచ్చ భాగాన్ని పుష్పపుచ్ఛం (బ్రాక్ట్, పువ్వు దగ్గరి ఆకు) అంటున్నాయి, విదేశీ వంగడాల వివరాల్లో మాత్రం దాన్నే రక్షకపత్రావళి (కాలిక్స్, పువ్వుకే చెందిన బయటి వలయం) అని రాస్తున్నారు. ఏది సరైనది? ఈ తేడా వంగడాలు తయారు చేసేవారికి నిజంగా అవసరమా?

జవాబు: పుష్పపుచ్ఛం అన్నదే సరైనది. తేడా అవసరమా అన్న మీ రెండో ప్రశ్న మరీ ముఖ్యమైనది కనుక కొంచెం విస్తరంగా రాస్తాను.

మన తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు వేరువేరుగా ఉన్నట్టే ఈ మొక్కలోనూ సహజంగా మగది వేరు, ఆడది వేరు. మగ పువ్వును చూడగానే పువ్వని పోల్చుకోవచ్చు. లేత ఆకుపచ్చ రంగులో ఐదు రక్షకపత్రాలు, సన్నటి కాడలకు వేలాడే ఐదు కేసరాలు ఉంటాయి, ఆకర్షణపత్రాలు ఉండవు. పరాగసంపర్కం గాలి పని కాబట్టి కీటకాలను పిలిచే రంగులు, తేనె ఈ మొక్కకు అక్కర్లేదు. ఆకులు పెద్దగా లేని కొమ్మలకు ఈ మగ పువ్వులు వదులుగా వేలాడుతూ, గాలి తాకినప్పుడల్లా పుప్పొడిని దుమ్ములా వదులుతాయి.

ఆడ పువ్వు అలా కాదు, అది దాక్కుని ఉంటుంది. ఒకసారి ఉత్తరాఖండ్ కొండదారిలో, రోడ్డు పక్కన దానంతటదే మొలిచిన ఆడ మొక్క కొసను చేతి కటకంతో చాలాసేపు చూశాను. మొదట కంటబడినవి రెండు తెల్లటి దారాలు. అవి కీలాగ్రాలు, గాలిలో వచ్చే పుప్పొడిని పట్టుకునే భాగాలు. ఆ దారాలు ఒక చిన్న ఆకుపచ్చ గొట్టంలాంటి తొడుగు మూతి నుంచి బయటికి వస్తున్నాయి. ఆ తొడుగును సూదిమొనతో విప్పితే లోపల ఆవగింజంత అండాశయం, దాన్ని అంటిపెట్టుకుని ఉల్లిపొరకన్నా పలచని పొర కనబడ్డాయి. అసలు పరిపత్రం, అంటే పువ్వుకే చెందిన కవచం, ఆ పలచని పొరే, రక్షకపత్రావళి అనదగినది ఏదైనా ఉంటే అదే. పైనున్న ఆకుపచ్చ తొడుగు పుష్పపుచ్ఛం, అంటే పువ్వును కాపాడటానికి రూపు మార్చుకున్న ఆకు. అండాశయంలో ఒకే అండం ఉంటుంది కనుక ఒక పువ్వుకు ఒకే గింజ. ఆ గింజ పండేవరకు పుచ్ఛం దాన్ని ఒడిలో పెట్టుకున్నట్టు మూసి ఉంచుతుంది. పండిన గింజ మీద మనకు కనిపించే పాలరాతి చారలవంటి మచ్చలు కూడా ఆ పలచని పరిపత్రం అంటుకుని మిగిల్చినవే.

ఆ పుచ్ఛం బయటి ముఖాన్ని కటకం కింద తిప్పి చూస్తే గుండుసూదులు గుచ్చినట్టు కాడలు, కాడల కొనల మీద మెరిసే గుండ్రటి తలలు వరుసలుగా కనబడతాయి. ఇవి గ్రంథి కేశాలు. ఒక్కొక్క తల వెడల్పు మిల్లీమీటరులో సుమారు పదో వంతు ఉంటుంది. జిగురు, వాసన, టీహెచ్‌సీ, సీబీడీ వంటి పదార్థాలకు (టీహెచ్‌సీ మత్తునిచ్చేది, సీబీడీ మత్తు ఇవ్వనిది) మూలమైన ఆమ్లాలు తయారై నిల్వ ఉండేది ప్రధానంగా ఈ తలల్లోనే. కాడ లేకుండా ఆకు మీద అతుక్కుని ఉండే చిన్న గ్రంథులూ ఉన్నాయి. గ్రంథి ఏదీ లేని గరుకు వెంట్రుకలూ ఉన్నాయి. కాడ ఉన్న గ్రంథులు ఒత్తుగా ఉండే చోటు మాత్రం ఆడ పువ్వుల పుచ్ఛమే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఒక వంగడం రికార్డులో రక్షకపత్రావళి పెద్దది అని రాసి ఉంటే, అక్కడ నిజానికి కొలిచింది పుచ్ఛాన్ని. పుచ్ఛం ఆకు జాతికి చెందిన అవయవం, పరిపత్రం పువ్వు భాగం. ఏ జన్యువులు దేన్ని పెంచుతాయో వెతకవలసిన శాస్త్రజ్ఞుడు అవయవం పేరే తప్పుగా రాసుకుంటే వెతుకులాట దారి తప్పుతుంది. మరో దేశపు శాస్త్రజ్ఞుడు ఆ రికార్డును తన కొలతలతో పోల్చుకోలేడు కూడా. విద్యార్థి దశలోనే ఈ మాట సరిగా పట్టుకున్నందుకు మిమ్మల్ని మనసారా అభినందిస్తున్నాను.

ప్రశ్న: గోంగూర శాస్త్రీయ నామంలో కన్నాబినస్ అని ఉంది. జనుమును కూడా ఇంగ్లీషులో హెంప్ అంటారు. ఇవన్నీ ఒక కుటుంబమేనా? (గుంటూరు నుంచి ఒక గృహిణి)

జవాబు: కాదు. గోగుకు హైబిస్కస్ కన్నాబినస్ అన్న పేరు రావడానికి కారణం పోలిక మాత్రమే. చేతివేళ్లలా చీలిన ఆకులు, కాండంలోని నార ఆనాటి వృక్షశాస్త్రజ్ఞులకు గంజాయిని గుర్తుచేశాయి. పువ్వు చూస్తే అనుమానం మిగలదు. గోగు పువ్వు మందార జాతి పువ్వు, ఐదు పెద్ద ఆకర్షణపత్రాలు, నడిమధ్య ముదురు ఎరుపు మచ్చ, గొట్టంలా కలిసిపోయిన కేసరాలు దాని గుర్తులు. జనుము పువ్వు పసుపుపచ్చని చిక్కుడు జాతి పువ్వు. హెంప్‌కు నిజమైన దాయాది బీరుకు చేదు రుచినిచ్చే హాప్స్ తీగ. అందులోనూ ఆడ మగ మొక్కలు వేరే, ఆడ పూత పుచ్ఛాల దగ్గరే జిగురు గ్రంథులు. కాబట్టి మీ వంటింటి గోంగూర గురించి నిశ్చింతగా ఉండండి.

ప్రశ్న: మేము నాగర్‌కర్నూల్ వైపు ఆముదం వేస్తాం. ఆముదం గెలలో కింద మగ పూలు, పైన ఆడ పూలు ఒకే గెల మీద వస్తాయి. హెంప్‌లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు అని రాశారు. మరి ఒకే మొక్క మీద రెండూ వచ్చే హెంప్ ఉన్నదని కూడా విన్నాను. అది ఎలా?

జవాబు: ఆముదం రైతుకు ఈ విషయం చెప్పడం తేలిక, ఎందుకంటే సగం సంగతి మీ చేలోనే ఉంది. ఈ రెండు మొక్కల మధ్య స్నేహం కూడా పాతదే. మొక్కల్లో ఆడ మగ భేదం ఉందని ప్రయోగం చేసి చూపిన తొలి శాస్త్రజ్ఞుల్లో ఒకరైన ట్యూబింగెన్ ఆచార్యుడు కామెరారియస్, 1694లో ప్రచురించిన లేఖలో ఆముదాన్నీ హెంప్‌నూ రెంటినీ ప్రస్తావించాడు. ఆముదం మగ మొగ్గలను విచ్చుకోకముందే తీసేస్తే గింజ పట్టలేదు, లెక్క సరిపోయింది. విడిగా పెంచిన ఆడ హెంప్ మొక్కలు మాత్రం కొన్ని గింజలు పట్టి ఆయనను కలవరపెట్టాయి. ఆడ హెంప్ మొక్క మీద అప్పుడప్పుడు నాలుగు మగ పువ్వులు పుట్టుకొస్తాయన్న సంగతి ఈనాడు మనకు తెలుసు. కనుక ఆయన కలవరానికి కారణం ఊహించడం కష్టం కాదు.

హెంప్‌లో పది జతల క్రోమోజోములు ఉంటాయి. అందులో ఒక జత లింగాన్ని నిర్ణయిస్తుంది. రెండు ఎక్స్‌లు ఉంటే ఆడ, ఒక ఎక్స్ ఒక వై ఉంటే మగ. ఒకే మొక్క మీద రెండు రకాల పువ్వులు ఇచ్చే మొక్కల్లో వై ఉండదు. అవి రెండు ఎక్స్‌లతోనే మగ పువ్వులు కూడా పూయగలిగిన మొక్కలు. చూడటానికి ఆడ మొక్కలా ఆకులతో గుబురుగా ఉంటాయి. అందులో మగ పువ్వుల వంతు ఒక్కో మొక్కలో ఒక్కోలా ఉంటుంది, దాదాపు అన్నీ మగ పువ్వులే ఉన్న మొక్క మొదలుకొని దాదాపు అన్నీ ఆడ పువ్వులే ఉన్న మొక్క వరకు. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫాన్ జెంగ్‌బుష్ ఈ పాళ్లను బట్టి మొక్కలను ఐదు తరగతులుగా విడదీశాడు.

ఇంత శ్రమ ఎందుకంటే, నార పంటలో మగ మొక్క పుప్పొడి రాల్చగానే ఎండిపోతుంది, ఆడ మొక్క గింజ పండేదాకా మరికొన్ని వారాలు పచ్చగా నిలుస్తుంది. ఒకే చేలో సగం పంట ఎండి సగం పంట పచ్చిగా ఉంటే యంత్రంతో కోయడం ఎలా? పాతకాలపు ఐరోపా రైతులు మగ మొక్కలను ముందుగా చేత్తో పీకేవారు. కూలి దొరకని కాలం వచ్చేసరికి అన్ని మొక్కలూ ఒకేసారి పండే వంగడం కావలసి వచ్చింది. జర్మనీలో ఫిబ్రిమాన్, ఫ్రాన్స్‌లో ఫెడోరా, ఫెలీనా, ఫ్యుటూరా, ఉక్రెయిన్‌లో యూఎస్‌ఓ-31 ఆ అవసరంలోంచి వచ్చిన వంగడాలే.

ఒకే మొక్క మీద రెండు రకాల పువ్వులూ పూసే ఈ వంగడాల గుణం నిలకడగా ఉండదు. పక్క ఊరి చేలోంచి మామూలు మగ మొక్క పుప్పొడి గాలికి వచ్చి పడితే, ఆ పుప్పొడి తెచ్చిన వై క్రోమోజోముతో మరుసటి ఏడే మగ మొక్కలు తిరిగి కనిపిస్తాయి, కొన్ని తరాల్లో వంగడం మొదటికి వస్తుంది. అందుకే విత్తనపు చేలను కిలోమీటర్ల దూరంలో విడిగా ఉంచి, కనబడిన ప్రతి మగ మొక్కనూ విచ్చుకోకముందే పీకేయాలి. ఇది ఎంత ఓపిక గల పనో విత్తనోత్పత్తి చేసిన రైతుకే తెలుస్తుంది.

హంగేరీలోని కొంపోల్ట్ పరిశోధన కేంద్రంలో ఇవాన్ బోచా ఈ బలహీనతనే సాధనంగా మలచుకున్నాడు. కొంపోల్టి అనే రకపు ఆడ మొక్కలకు, ఒకే మొక్క మీద రెండు రకాల పువ్వులు పూసే ఫిబ్రిమాన్ పుప్పొడిని అందిస్తే రెండు వైపుల నుంచీ ఎక్స్‌లే వస్తాయి కనుక మొదటి తరం దాదాపు అంతా ఆడదే అయింది. యూనికో-బి అన్న సంకరం అలా పుట్టింది. మీకు ఇది వినగానే ఆముదం సంకరాలు గుర్తుకు రావాలి. మన దేశంలో 1968లో గుజరాత్ నుంచి వచ్చిన జీసీహెచ్-3 కూడా ఆడ పువ్వులు మాత్రమే ఉన్న గెలల మొక్కను తల్లిగా పెట్టుకుని తయారైనదే. ఆ ఆడ గెలల్లో ఎండ ముదిరితే అక్కడక్కడా మగ పువ్వులు వస్తాయి, తల్లి వంగడాన్ని నిలబెట్టుకోవడానికి ఆ మగ పువ్వులనే వాడుకుంటారు. హెంప్‌లో వేడి, ఒత్తిడి వల్ల ఆడ మొక్క మీద మగ పువ్వు రావడం ఇలాంటిదే. ఇథిలీన్ అనే హార్మోను పనిని వెండి లవణాలు అడ్డుకున్నా అదే జరుగుతుంది. ఆ పుప్పొడితో పట్టిన గింజల నుంచి ఆడ మొక్కలే వస్తాయి.

ప్రశ్న: మొక్కల ప్రజననంలో, అంటే కొత్త వంగడాల తయారీలో, హెంప్ పూత ఒత్తుగా ఉండాలా, వదులుగా ఉండాలా? ఏయే గుణాలు చూసి ఎంపిక చేస్తారు? (హైదరాబాదు, విత్తన రంగంలో పనిచేసే పాఠకుడు)

జవాబు: ఏమి కావాలో ముందు తేల్చుకోనిదే ఈ ప్రశ్నకు జవాబు లేదు. నార కోసం అయితే పూత ఎంత ఆలస్యమైతే అంత మేలు, పువ్వు వచ్చిందంటే కాండం ఎదుగుదల తగ్గినట్టే. కొమ్మలు లేని పొడుగాటి కాండమే అక్కడ లక్ష్యం. పువ్వు అక్కడ పుప్పొడి మోసే దారి మాత్రమే. ఆ దారినే కాపలా కాశాడు జర్మనీకి చెందిన బ్రెడెమన్. మగ మొక్క పూయకముందే దాని కాండాన్ని నిలువునా చీల్చి, ఒక సగంలో నార ఎంత ఉందో తూచి, నార తక్కువ ఉన్న మగ మొక్కలన్నిటినీ తీసేసి, మిగిలిన వాటి పుప్పొడిని మాత్రమే చేలో తిరగనిచ్చాడు. కాండం సగం చీల్చినా మొక్క బతికి పూయగలదు అన్న చిన్న గమనిక మీద నిలబడిన ఈ పద్ధతి నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగాల్లో ఒకటి.

గింజ కోసం అయితే పొట్టి మొక్క, ఒకేసారి పండే గెల, గింజ రాలకుండా పట్టి ఉంచే పుచ్ఛం కావాలి. అడవి రకాల్లో పండిన గింజ తొందరగా విడిపోయి నేల రాలుతుంది, సాగు రకాల్లో కాడను పట్టుకుని ఉంటుంది. మనిషి వేల ఏళ్లుగా తెలిసో తెలియకో చేసిన ఎంపిక అది. ఫిన్లాండ్‌లో తయారైన ఫినోలా వంగడం పగటి నిడివితో నిమిత్తం లేకుండా త్వరగా పూసే పొట్టి రకం. ఉత్తర ధ్రువం దగ్గరి పొడుగాటి వేసవి పగళ్లలో గింజ పండించాలంటే అలాంటి రకమే దిక్కు.

ఔషధ పదార్థాల కోసం, అనుమతి ఉన్న దేశాల్లో చేసే ప్రజననంలోనే పూత నిర్మాణానికి పెద్దపీట. అక్కడ పువ్వు అని తూచేది నిజానికి పువ్వును కాదు, కురచైన కొమ్మలు, పుచ్ఛాలు, చిన్న ఆకులు కలిసిన గెల మొత్తాన్ని. ఇజ్రాయెల్‌లోని వోల్కానీ పరిశోధన కేంద్రం వారు 2019లో ప్రచురించిన పరిశీలన ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది. పగలు పొడవుగా ఉన్నప్పుడే ఆడ మొక్క కణుపుల దగ్గర ఒంటరి పువ్వులు మొదలవుతాయి. పగలు కురచబడ్డాక జరిగే మార్పు కొమ్మల తీరులో వస్తుంది. కణుపుల మధ్య దూరం బాగా తగ్గి, కొమ్మ మీద కొమ్మ, దాని మీద మరో కొమ్మ చిలవలు పలవలుగా వేసి, అవన్నీ దగ్గరికి నొక్కుకుని గెల అవుతుంది. అంటే గెల ఒత్తుదనం అన్న గుణాన్ని విడదీస్తే అది కణుపు దూరం, కొమ్మల వరుసల సంఖ్య, పుచ్ఛానికీ చిన్న ఆకుకీ ఉన్న నిష్పత్తి అన్న వేరువేరు గుణాలుగా తేలుతుంది. గెల బాగుందని కంటితో చూసి రాసుకోవడంకంటే వీటిని విడివిడిగా కొలవడమే దారి అని నా దృఢమైన అభిప్రాయం.

ఒత్తుదనానికి మూల్యం ఉంది. ఒత్తుగా ఉన్న గెల లోపల తడి ఆరదు, బొట్రైటిస్ బూజు మధ్య కాడ దగ్గర మొదలై పైకి కనబడేసరికి లోపలంతా కుళ్లి ఉంటుంది. తుఫాను వానల తరువాత ఆముదం గెలలు బూజు తెగులుతో ఎలా నల్లబడతాయో తెలంగాణ రైతులకు చెప్పనక్కర్లేదు. అక్కడ కూడా కాయలు ఒకదానికొకటి ఒరుసుకునే దగ్గర గెల కన్నా గాలి ఆడే వదులు గెలే తట్టుకుంటుంది. బరువు కోసం ఒత్తుదనాన్ని ఒక్కదాన్నే వెంటాడిన ప్రజననం తేమ ఉన్న ప్రాంతాల్లో రైతును నట్టేట ముంచుతుంది. గెల కాస్త వదులుగా ఉండి, పుచ్ఛాల మీద గ్రంథులు ఒత్తుగా ఉండటం మేలైన కలయిక.

పరాగసంపర్కం జరిగితే కీలాగ్రాలు వాడి గోధుమ రంగుకు తిరుగుతాయి, మొక్క శక్తి గింజ వైపు మళ్లుతుంది. జరగకపోతే కొత్త పువ్వులు, పుచ్ఛాలు వస్తూనే ఉంటాయి. ఈ సంగతి మన దేశంలో పాతదే. 1893-94 నాటి భారత గంజాయి విచారణ సంఘం నివేదికలో, బెంగాల్‌లోని నౌగావ్ ప్రాంతపు లైసెన్సు చేలలో మగ మొక్కలను ఆనవాలు పట్టి తీసేయడానికి పొద్దార్ అనే నిపుణుణ్ణి ప్రత్యేకంగా పిలిపించేవారని ఉంది. పువ్వు విచ్చుకోకముందే లింగాన్ని కనిపెట్టే ఆ కంటికి నమస్కరించాలి. ఇప్పుడు ఆ పని మొలక దశలోనే డీఎన్‌ఏ పరీక్ష చేస్తోంది. మా బాపట్ల విద్యార్థినికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది, ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో లైసెన్సు సాగు జరిగిన కొద్ది చోట్లలో అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా ఒకటి.

ప్రశ్న: గ్రంథులు ఎక్కువైతే మత్తు కూడా ఎక్కువ అవుతుందా?

జవాబు: తప్పనిసరిగా కాదు. గ్రంథుల సంఖ్య పాత్ర ఎంత పెద్దదో చెబుతుంది, అందులో ఏమి పోస్తారన్నది వేరే జన్యువుల సంగతి. ఒకే పూర్వపదార్థం నుంచి టీహెచ్‌సీ ఆమ్లం చేసే ఎంజైము, సీబీడీ ఆమ్లం చేసే ఎంజైము వేరువేరు. గ్రంథులు నిండుగా ఉండి సీబీడీయే ప్రధానంగా ఉన్న మొక్కలు ఉన్నాయి. ఫ్రాన్స్ వారి శాంతికా వంగడంలో ఈ రెంటికీ ముందు దశలోని సీబీజీ దగ్గరే పని ఆగిపోతుంది. హెంప్‌కు హద్దుగా చెప్పే 0.3 శాతం టీహెచ్‌సీ అన్న అంకె 1976లో స్మాల్, క్రాంక్విస్ట్ అనే శాస్త్రజ్ఞులు వర్గీకరణ కోసం గీసుకున్న గీత. ప్రకృతిలో ఆ చోట గోడ ఏమీ లేదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడ హెంప్ సాగు చట్టబద్ధమేనని, విత్తనాలు పంపుతానని అంటున్నాడు. మాకు ప్రకాశం జిల్లాలో నాలుగు ఎకరాలు ఉన్నాయి. నార కోసమే కదా, వేయవచ్చా?

జవాబు: వేయకండి. అబ్బాయి చెప్పింది అక్కడికి నిజమే, 2018 నాటి వారి వ్యవసాయ చట్టం టీహెచ్‌సీ 0.3 శాతం మించని హెంప్‌కు అనుమతి ఇచ్చింది. మన దేశంలో మత్తు పదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం గంజాయిని నిర్వచించే తీరు మనం ఇంతసేపూ మాట్లాడుకున్న విషయమే. పూత లేదా కాయ ఉన్న కొసలను గంజాయి అంటుంది, ఆ కొసలతో కలిసి లేని ఆకులను, గింజలను మినహాయిస్తుంది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనూ దాదాపు ఇవే మాటలు. కానీ సాగు దగ్గరికి వచ్చేసరికి ఈ మినహాయింపు మిమ్మల్ని కాపాడదు. అనుమతి లేకుండా మొక్కను పెంచడమే నేరం, పది సంవత్సరాల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మీ చేలో మొక్క ఏ వంగడమైనా దానికి పూత కొస రాక తప్పదు.

నార, గింజ కోసం ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించే వీలు అదే చట్టం 14వ సెక్షనులో ఉంది. ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సుల పద్ధతిలో హెంప్ సాగుకు దారి తెరిచింది. అక్కడి కుమావూ కొండల్లో భంగు గింజల పచ్చడి, నార తాళ్లు తరతరాలుగా ఉన్నవే. హెంప్ గింజ, గింజల నూనె, పిండి ఆహారంగా అమ్ముకోవడానికి 2021లో జాతీయ ఆహార భద్రతా సంస్థ నిబంధనలు వచ్చాయి కనుక దుకాణంలో గింజల పొట్లం కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. దాన్ని తినడం వేరు, చేలో చల్లడం వేరు. మీ నేలలో నార పంటే వేయాలని ఉంటే జనుము ఉంది, గోగు ఉంది. రెంటికీ విత్తనం స్థానికంగానే దొరుకుతుంది, ఏ లైసెన్సూ అక్కర్లేదు. మీ వ్యవసాయ అధికారిని కలిసి మీ నేలకు ఏది నప్పుతుందో అడగండి. విత్తనాలు పంపవద్దని అబ్బాయికి ఈరోజే ఫోను చేసి చెప్పండి.